ఇరవై సెకన్ల దారి

"పదిహేను... పద్నాలుగు... ఇంకా సగం కూడా రాలేదు!"

వాచీల మెకానిక్ భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుని, చేతిలో పని వదిలేసి, కొట్టు అద్దంలోంచి సిగ్నల్ అంకెలు లెక్కపెడుతున్నాడు. జీబ్రా గీతల మీద అతని భార్య వస్తోంది. పక్కన నీలం టోపీ పెట్టుకున్న మగమనిషి.

ఆవిడ రోడ్డుకి అవతలున్న కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఒంటిగంటకి భోజనానికి ఇంటికొస్తుంది. ఇల్లంటే ఈ కొట్టు వెనకున్న రెండు గదులే. నాలుగేళ్ళుగా ఆ రోడ్డుని ఆవిడ పదకొండు సెకన్లలో దాటుతుంది. పచ్చబొమ్మ పక్కన ఇరవై వెలిగినప్పుడు దిగితే, తొమ్మిది పడేసరికి ఇటు గట్టెక్కేస్తుంది. సెకన్లతో బతికేవాడికి ఆమాత్రం తెలియదా?

వారం నుంచీ లెక్క తప్పింది. ఈ టోపీవాడు పక్కన చేరాక ఆవిడకి కాళ్ళే సాగడం లేదు. అంకె సున్నాకి వచ్చింది. ఎర్రబొమ్మ పడింది. ఇద్దరూ ఇంకా రోడ్డు మీదే ఉన్నారు. బస్సొకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. నీలం టోపీ చెయ్యెత్తి దాన్ని ఆపి, ఆవిణ్ణి దాటించాడు.

"చంపేస్తాడు దాన్ని!" అంటూ మెకానిక్ లేవబోయి, మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు. భయం ముందొచ్చిందో, అసూయ ముందొచ్చిందో అతనికే తెలియలేదు.

పక్కకొట్టు తాళాలాయన తల దూర్చాడు. "ఏం తమ్ముడూ, మరదలు రోడ్డు మీద షికార్లు చేస్తోందే!"

"ఎండ కదన్నా. నీరసమేమో."

"ఎండకి ఎవరైనా పరిగెత్తుకొస్తారు గానీ నెమ్మదిగా నడుస్తారా? పోనీ, నేనెళ్ళి వాడెవడో కనుక్కురానా?"

"అక్కర్లేదు. మా ఇంటి సంగతి నాకు తెలుసు."

నిజానికి అతనికేమీ తెలియదు. అందుకే ఒళ్ళు మండిపోతోంది.

భోజనాల దగ్గర అడిగేశాడు. "ఎవడు వాడు?"

"ఎవరండీ?"

"నీలం టోపీ."

"ఓ, ఆయనా? రోడ్ల ఆఫీసు మనిషి."

"కళ్ళజోళ్ళమ్మే నీకు రోడ్ల ఆఫీసుతో ఏం పని?"

"సోమవారం చెప్తాను."

"అప్పటిదాకా నా ప్రాణం ఆగాలా?"

"వాచీలు బాగుచేసే మనిషి, నాలుగు రోజులు ఓపిక పట్టలేరా?" అని నవ్వేసింది. పుండు మీద కారం చల్లినట్టయింది అతనికి.

మర్నాడు సొరుగులో స్టాప్‌వాచీ కనబడలేదు. మూడు నెలలు తంటాలు పడి, తన చేత్తో బాగుచేసి దాచుకున్న వాచీ అది. ఎవరికీ అమ్మలేదు. తాళాలాయన చేత కొట్టంతా వెతికించాడు. తీరా ఒంటిగంటకి చూస్తే అది నీలం టోపీ మెళ్ళో వేలాడుతోంది! వాడు దాన్ని చూడటం, ఆవిడ వాడి మొహం చూడటం, ఇద్దరూ నవ్వుకోవడం. కట్టుకున్నవాడి సొత్తు తీసుకెళ్ళి కానుకలిచ్చేదాకా వచ్చిందన్నమాట వ్యవహారం.

ఇంట్లో మరో వింత. అతను వెనకగదిలోంచి కొట్లోకి వస్తుంటే ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి కన్నార్పకుండా చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. తన నడకనీ వాడి నడకనీ పక్కపక్కన పెట్టి తూకం వేస్తోందని అతనికి అర్థమైపోయింది. ఆ రోజు అన్నం సహించలేదు.

పెళ్ళైన కొత్తలో సాయంత్రమైతే ఇద్దరూ రోడ్డు దాటి పార్కుకి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు సగం దారిలోనే ఎర్రబొమ్మ పడ్డాక మానేసి రెండేళ్ళయింది. ఆవిడ అడుగుతూనే ఉంది, అతను పనుందంటూనే ఉన్నాడు. మొగుడు తీసుకెళ్ళకపోతే పక్కన నడవడానికి ఇంకొకడు దొరక్కపోతాడా? తప్పు తనదేననిపించి ఏడుపొచ్చింది. ఆవిడ చేత చెప్పించుకోవడం కన్నా ముందు తనే చెప్పెయ్యాలనుకున్నాడు. 'నీ దారి నువ్వు చూసుకో.' ఆ నాలుగు ముక్కలూ ఆదివారమంతా వల్లె వేశాడు.

సోమవారం అతను సిగ్నల్ వైపు చూడలేదు. ఒంటిగంటకి ఇద్దరూ తిన్నగా కొట్లోకే వచ్చారు.

నీలం టోపీ స్టాప్‌వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. "గొప్ప వాచీ సార్. మా ఆఫీసు వాచీ పాడైతే మేడమ్ ఇది తెచ్చిచ్చారు. మూడు రోజుల్లో అరసెకను తేడా రాలేదు."

"వాచీ సంగతి సరే. మా ఆవిడతో మీకేం పని?"

"చెప్పలేదా మేడమ్?" అతను తెల్లబోయాడు. "రోడ్డు దాటడానికి ఇరవై సెకన్లు చాలడం లేదని మా ఆఫీసుకి అర్జీ పెట్టారండీ. రద్దీ వేళ పది రోజులు కొలిచి చూపిస్తే గానీ మావాళ్ళు అంకె మార్చరు. అందుకని ఈవిడ నడిచారు, నేను కొలిచాను. ఈ పొద్దుటి నుంచి ముప్ఫై ఎనిమిది చేశారు."

"ఇదంతా నాటకం!" మెకానిక్ బల్ల గుద్దాడు. "ఇది పదకొండు సెకన్లలో దాటే మనిషి!"

"నేనూ అనుమానపడ్డానండీ. అడిగితే మేడమ్, 'ఇది నా నడక కాదు, ఇంకొకరిది, అడుగడుగూ లెక్కపెట్టి నేర్చుకున్నాను' అన్నారు. ఎవరిదమ్మా అంటే మాత్రం చెప్పలేదు."

వల్లె వేసిన నాలుగు ముక్కలూ మెకానిక్ మరిచేపోయాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది కూడా.

"ఏమండీ, సాయంత్రం పార్కుకి వెళ్దామా?"

"సాయంత్రం దాకా ఎందుకు? పద."

వంగి, బల్ల కింది చంకకర్రలు అందుకున్నాడు.