వాగుకు అడ్డం

వాన వెలిసింది గానీ, వాగు పెద్దగా పొంగలేదు.

మొక్కల నర్సరీ యజమాని గట్టున నిలబడి పళ్లు నూరాడు. రెండేళ్లుగా వాగు ఇలాగే చిక్కిపోతోంది.

గుట్ట మీద గుడిసె వేసుకున్న ఒంటరి ముసలామె వాగు పొడుగునా రాళ్లతో అడ్డుకట్టలు పేరుస్తోందని మేకల కాపరి చెప్పాడు. అరికాలి మంట నెత్తికెక్కింది అతనికి.

"నా నోటికాడి నీళ్లు లాక్కుంటుందా? దాని పని పడతా," అని గడ్డపార భుజాన వేసుకున్నాడు.

భార్య వద్దంది. ఎండల్లో చుట్టుపక్కల బావులన్నీ అడుగంటినా, మన బావి ఊరుతూనే ఉంది కదా అంది. అది తన చేతి చలవేనని అతను కొట్టిపారేశాడు.

గుట్టెక్కి, ఆమె కళ్లెదుటే ఒక్కో కట్టా పెకలించాడు. రాళ్లు దొర్లుతుంటే అతని కడుపు చల్లబడింది. ఇక్కడ ఇంకిన నీళ్లే మీ బావిలో ఊరుతున్నాయని ఆమె చెప్పబోతే, నోరు మూసుకోమన్నాడు.

ఆమె మట్టి చేతులు చీరకు తుడుచుకుంది.

"మీకు పిల్లలున్నారా?"

"ఉంటే? శాపనార్థాలు పెడతావా?"

"లేదు. వాన గట్టిగా పడితే వాళ్లని నా గుడిసెకు పంపండి."

అతను ఈల వేసుకుంటూ దిగిపోయాడు.

ఆ వారమే ముసురు పట్టింది. ఆపేవి లేక, గుట్ట మీది నీళ్లన్నీ ఒక్క ఉదుటున దిగాయి. నర్సరీ, బావి, ఇల్లు బురదపాలయ్యాయి.

భార్యనీ పిల్లల్నీ గుట్ట మీదికి లాక్కెళ్లింది ఆ ముసలామే. మళ్లీ అతని కోసం దిగింది. అతను చెట్టు కొమ్మ పట్టుకుని బతికాడు. ఆమె శవమై తేలింది.

నర్సరీ స్థలం అతనికి చవగ్గా కుదిర్చిన బావమరిది పరామర్శకు వచ్చాడు.

"ఎవరో ఏమో కూడా తెలీదురా. అంత చేశాక కూడా నా కోసం ఎందుకు దిగింది?" అని అతను ఏడ్చాడు.

బావమరిది తల ఎత్తలేదు.

"నాకు తెలుసు బావా. చెబితే కొనవని దాచాను. ఆవిడ పగంతా ఈ వాగు మీదే. మీ ఇల్లున్న చోటే ఒకప్పుడు ఆవిడ ఇల్లుండేది, మొగుడితో, పిల్లలతో సహా."