గట్టుకు అటూ ఇటూ

అన్న బాలకృష్ణ చేసిన మోసాన్ని రంగయ్య కడుపులోంచి తీసెయ్యలేకపోయినాడు.

పంపకాలప్పుడు బావి పక్కనున్న మంచి పొలం చెక్క బాలకృష్ణ తన వాటాకు రాయించుకున్నాడు. దాని పక్కనే ఉన్న రాళ్ల గరుసు నేల రంగయ్యకు పడింది. అన్న డిగ్రీ చదివినోడు. పెద్దమనుషుల ముందు కూర్చుని నాలుగు మాటలు మాట్లాడగలిగినోడు. రంగయ్య ఆరో తరగతిలో బడి మాని గొర్రెల వెంట పోయినోడు. ఆ కాగితం మీద ఎవరూ బలవంతంగా వేలిముద్ర వేయించుకోలేదు. తనే సంతకం పెట్టినాడు. అదే ఎక్కువ మంట.

ఆ ఏడు దుక్కికి ముందు చేలో రాళ్లు ఏరి, కసికొద్దీ గట్టు అవతలికి విసిరినాడు. మర్నాడు చూస్తే అవి మళ్లీ తన చేలోనే ఉన్నాయి. మళ్లీ విసిరినాడు. మళ్లీ వచ్చినాయి.

అన్నదమ్ములకు మాటల్లేవు. పెళ్లిళ్లకు పిలుపుల్లేవు. రాళ్లకు మాత్రం రాకపోకలు ఆగలేదు. రాళ్లు తక్కువ వచ్చిన రోజు అన్నకు ఒంట్లో బాగలేదని రంగయ్యకు తెలిసిపోయేది. ఎవర్నీ అడిగే పని ఉండేది కాదు.

ఇప్పుడు రంగయ్య కుడి భుజం పైకి లేవడం లేదు. మార్కాపురం డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. భార్య రాధాకుమారి చెప్పి చెప్పి విసిగిపోయి, ఒంగోలులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే కూతురు యామినిని పిలిపించింది.

"మీ నాయనతో ఆ రాళ్లు మాన్పించు తల్లీ. లేకుంటే ఆ చెయ్యి మనకు దక్కదు."

పొద్దున్నే యామిని చేనికి వచ్చింది. రంగయ్య వంగి రాయి తీస్తున్నాడు. చేలో గుప్పెడంత రాళ్లు, కొబ్బరికాయంత రాళ్లు.

"మళ్లీ వచ్చినాయా నాయనా?"

"వచ్చినాయి."

యామిని గట్టెక్కి అవతలికి చూసింది. చిల్లకంప ముళ్లపొద నడుమెత్తు మొలిచింది. తిరిగి నాయన దిక్కు చూసింది. ఏదో అడగబోయి మానుకుంది. గట్టు మీదే కూర్చుంది.

"పెదనాయన మీద ఇంకా కోపం పోలేదా?"

"ఎట్ల పోతుంది?"

ఆ గొంతులో కోపం కూడా లేదు. వాన పడిందా అని అడిగితే పడలేదని చెప్పినట్టు చెప్పినాడు.

"మా పుస్తకాల్లో అచ్చం మీలాంటోళ్లే ఉన్నారు నాయనా. ప్రోటాన్లంటారు. పరమాణువు నట్టనడుమ ఉంటాయి. ఒకటంటే ఒకదానికి పడదు. తలా ఒక దిక్కుకు ఎగిరిపోవాల. పోవు. ఒకే కొంపలో పడుంటాయి."

"ఎందుకు పోవు?"

"మధ్యలో ఒక చిన్న కణం అటూ ఇటూ తిరుగుతా ఉంటుంది. ఇది విసిరితే అది పట్టుకుంటుంది. అది విసిరితే ఇది పట్టుకుంటుంది. కంటికి కనపడదు. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే వాటిని పట్టి ఉంచే బలం. వేరే తాడూ లేదు, మోకూ లేదు."

"విసిరితే దూరం తోసేయాల గానీ దగ్గరెట్ల పట్టుకుంటుంది? చదువు రానోడినని ఏం చెప్పినా నమ్మాల్నా?"

"రెండు కుక్కలు ఒకే బొమిక కోసం గుంజుకుంటా ఉంటే, ఒకదాన్ని ఇడిసి ఒకటి పోతుందా?"

"నన్నూ మీ పెదనాయననూ కుక్కల్ని చేసినావు. ఇదేనా నీ ఎమ్మెస్సీ?"

యామిని నవ్వింది. రంగయ్య నవ్వలేదు. ఇంకో రాయి విసిరినాడు. చెయ్యి సగం లేచింది. రాయి గట్టు మీదే పడింది. పోయి తీసుకుని, ఈసారి ఎడంచేత్తో విసిరినాడు. కంపలో ఎక్కడో పడిన చప్పుడైంది.

ఇంకో రాయికి వంగబోయి ఆగి అడిగినాడు.

"ఆ రెండోది లేకుంటేనో?"

"ఏంది నాయనా?"

"ఆ పక్కనోడు. వాడు లేకుంటే ఈ ఒక్కటీ ఏం చేస్తుంది? ఊరికే ఉంటుందా?"

యామిని గట్టు అవతలి కంప దిక్కు చూసింది.

"ఉండదు నాయనా. తనే విసురుతుంది. తనే పట్టుకుంటుంది."

రంగయ్య తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"ఇంక మానెయ్ నాయనా. నీ చెయ్యి పోతుంది. అమ్మకు మాటియ్యి."

"సరేలే."

మధ్యాహ్నం యామినిని బేస్తవారిపేటలో బస్సెక్కించినాడు. కిటికీలోంచి ఆ పిల్ల మళ్లీ అడిగింది. మళ్లీ సరేనన్నాడు. ఇంటికి పోకుండా నేరుగా చేనికి వచ్చినాడు. గట్టు మీద కూర్చుని బీడీ కాల్చినాడు.

పొద్దు వాలినాక గట్టు దాటి, పొద్దున విసిరిన రాళ్లను కంపల్లోంచి ఒక్కొక్కటే ఏరి, ఎడంచేత్తో తన చేలోకే తిరిగి విసిరినాడు, బాలకృష్ణ చచ్చిపోయేముందు తమ్ముడి పేరుకు రాసిపెట్టి పోయిన ఆ బావి పక్క ఎకరా నలభై సెంట్లలో నిలబడి.