మంగళవారం పొర

"ఛీ, ఛీ! నిన్ను కాలేజీకి పంపింది చదువుకోమనా, కుళ్ళు కెలుక్కోమనా?"

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. పెరటి వసారాలో గోడవారగా ఉన్న పాత చేపల తొట్టె ముందు కూతురు గొంతుక్కూర్చుని ఉంది. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కులో దూది. గాజు లోపల ఆరు రోజుల ఇంటి చెత్త, మధ్యమధ్య సన్నటి మట్టి చారలు. అడుగున నల్లటి ఊట చేరి నురగ కట్టింది. మెతుకుల్లా కనిపిస్తున్నవి మెతుకులు కావు, కదులుతున్నాయి.

"నాకేం సరదానా అమ్మా? ఇది రాసివ్వకపోతే రాళ్ళ సారు మార్కులెయ్యడు."

పర్యావరణశాస్త్రాన్ని భూమి పొరలతో మొదలుపెట్టినందుకు పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరది. "భూమి ఏదీ పారెయ్యదు, పొరలుగా దాచుకుంటుంది. కిందున్నది ముందొచ్చింది, పైనున్నది తర్వాతొచ్చింది," అన్నాడాయన. "సోమవారం నుంచి శనివారం దాకా మీ ఇంటి చెత్త గాజు తొట్టెలో వేసి, రోజూ సాయంత్రం పైన మట్టి చల్లండి. ఆదివారం తవ్వి చూడండి. ఏ రోజు మీ ఇంట్లో ఏం జరిగిందో అదే చెబుతుంది."

ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికి తొట్టె అక్కర్లేదు. వీధి వీధంతా తెలుసు.

బుధవారం పొద్దున్న నాన్న చేతి గడియారం కనిపించలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. రోజూ మొహం కడుక్కోగానే తల్లి దానికి కీ ఇస్తుంది. ఇస్తే ఒక రోజు నడుస్తుంది, మరిచిపోతే మర్నాటికల్లా ఆగిపోతుంది. ఆమె ఒక్కనాడూ మరవలేదు.

"ఆయన పోయిన రోజు కూడా ఆగని గడియారమే!" అని నెత్తీ నోరూ కొట్టుకుంది. తర్వాత పనామె వైపు తిరిగింది. మంగళవారమంతా పనికి రాని మనిషి, ఆ వేళ పెందరాళే వచ్చి ముందు ఆ గదే ఊడ్చింది మరి.

"ఏడేళ్ళుగా ఈ ఇంట్లో తిరుగుతున్నానమ్మగారూ! ఎప్పుడైనా చెంచా పోయిందా?"

"చెంచాలు నీకెందుకే? అదను కోసం చూశావు."

పనామె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. తల్లి అంతటితో ఊరుకోలేదు. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పింది. సాయంత్రానికి మిగతా మూడిళ్ళ వాళ్ళూ పనామెను మాన్పించారు. పక్క వీధిలో పని అడగబోతే అక్కడికీ ఆమె కంటే ముందే కబురు చేరింది.

"అక్క అలాంటిది కాదమ్మా," అని కూతురు పోరుతూనే ఉంది.

"నోర్ముయ్. నీకేం తెలుసు మనుషుల సంగతి!"

శనివారం సాయంత్రం బీరువాలో దుప్పట్లు దులుపుతున్న తల్లి ఉన్నట్టుండి నేల మీద చతికిలబడింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. నీ తొట్టె కంపుకి కడుపులో తిప్పుతోంది. వెళ్ళి మంచి వాసన సబ్బొకటి పట్రా."

కూతురు తెచ్చిన సబ్బుతో తల్లి మోచేతుల దాకా మూడుసార్లు రుద్ది కడుక్కుంది. "గాలికే ఒళ్ళంతా పట్టేసింది రోత!" అంది. కూతురు చూడగా వారమంతా ఆమె తొట్టె దరిదాపులకు వెళ్ళింది లేదు. కూరగాయల తొక్కలు కూడా గుమ్మంలోంచి విసిరేసేది. కూతురే ఏరి అందులో వేసుకునేది.

ఇప్పుడు కూతురు పాత గరిటెతో ఒక్కో పొరా ఎత్తి కాగితాల మీద పరుస్తోంది. శనివారం. శుక్రవారం. గోడ వైపు మూల పొరలు కుంగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"ఇక్కడేదో తవ్వినట్టుందమ్మా."

"ఎలుకలై ఉంటాయి. అవొక్కటే తక్కువ ఈ కొంపకి!"

గురువారం పొరకి కూతురికి వాంతి వచ్చినంత పనైంది. బుధవారం పొరలో కుళ్ళిన టమాటాలు, గుడ్డు పెంకులు. దాని కింద ఉల్లిపొట్టు, టీ పొడి. ఆ కుంగిన మూలే, ఉల్లిపొట్టులో గరిటెకి ఏదో గట్టిగా తగిలింది. వేళ్ళతో లాగితే తోలు పట్టీ వచ్చింది.

"అమ్మా! నాన్న గడియారం!"

తల్లి గుమ్మంలోంచి కదల్లేదు. "ఏ పొరలో?"

"మంగళవారం పొరలో! మంగళవారం అక్క రానేలేదు కదా!"

"అయితే ఉల్లిపాయలు తరిగినప్పుడు బల్ల మీంచి పొట్టుతో పాటు పడిపోయుంటుంది. ఎవరి తప్పూ లేదు. దాన్ని రమ్మను."

కూతురు ఫోన్ చేసిన పావుగంటకే పనామె పరుగున వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"చెత్తలో పడిందటలే. రేపట్నించి వచ్చెయ్. ఆ మూడిళ్ళ వాళ్ళకీ నేనే చెబుతాను," అంది తల్లి. తప్పైపోయిందన్న మాట మాత్రం అనలేదు. పుట్టి బుద్ధెరిగాక కూతురు ఆ మాట తల్లి నోట విననేలేదు.

"నేనే పాపిష్టిదాన్నమ్మగారూ. ఈ నాలుగు రోజులూ మిమ్మల్ని నానా మాటలూ తిట్టుకున్నా. మన్నించండి."

"సర్లే, పో. కోపంలో సవాలక్ష అనుకుంటారు," అని తల్లి పెద్దమనసు చేసుకుంది.

పనామె కొంగు దోపి, పురుగులు పాకుతున్న కాగితాలను ఉట్టి చేతులతో ఎత్తసాగింది. కూతురు వద్దంటే వినలేదు. "నువ్వు లే పాపా. ఈ కంపు నీకెందుకు?"

కూతురు చేతులు కడుక్కుని నోటు పుస్తకం తెరిచింది. 'మంగళవారం: ఉల్లిపొట్టు, టీ పొడి, నాన్న గడియారం' అని రాసుకుంది. గుడ్డతో గడియారం గాజు మీది జిగురు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ, దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

గడియారం నడుస్తోంది.