మొగదాకా తేలిక నడక

నక్క చిట్టెన్న దగ్గర మొదట ఉన్నది రెండు ఎండుచేపలు. వాటిని మొసలికి ముట్టజెప్పి, జంతువులను మడ అడవిలోంచి, ఏరు సముద్రంలో కలిసే మొగదాకా వరసగా తేలిక నడకలు నడిపించే వ్యాపారం పెట్టాడు.

“వరసలో చివరివాడు మాత్రం నాకు,” అంది మొసలి.

పదిమందిలో ఒకడేగా అని లెక్క కట్టి చిట్టెన్న సరేనన్నాడు. తలకో పీత ముందే వసూలు చేసేవాడు.

చివరివాడు తిరిగి రావడం లేదన్న సంగతి అడవంతా పొక్కాక, ఒకరోజు ముసలి ముళ్లపంది ఒక్కతే నడకకు వచ్చింది. సన్నటి గట్టు మీద సగం దూరం వెళ్లేసరికి వెనక దారిని సముద్రపు పోటు ముంచేసింది. అప్పుడామె ముళ్లు విప్పుకుని, చిట్టెన్నను దాటి ముందుకెళ్లింది.

“నా వెనకాలే రావాలి మామ్మగారూ,” అన్నాడతను.

“మా మనవడు అలాగే వచ్చాడు నాయనా. ఇవాళ నువ్వు రా.”

పక్కన మొసలి కళ్లు నీళ్లపైకి తేలాయి. చిట్టెన్న ఆమె వెనక అడుగు వెయ్యడానికి కాలెత్తాడు.