కడుపులో పుండు

“పన్నెండేళ్ల పిల్లకి ఆ ఇంజక్షన్ ఇప్పుడెందుకని అడుగుతున్నాను,” అంటూ సౌఫన్ ఆవిరి మీద ఉడికించిన చేపను బల్ల మీద పెట్టింది. “పెళ్లి కుదిరాక చూసుకోవచ్చు.”

“క్లాసులో అందరూ వేయించుకుంటున్నారమ్మా. మగపిల్లలు కూడా. నువ్వు సరేనంటే చాలు, బడిలోనే వేస్తారు,” అంది లోక్‌యీ.

“ఈ హర్స్ట్‌విల్‌లో మన చైనావాళ్లలో ఒకరికి తెలిస్తే చాలు. ఆదివారం హోటల్లో డిమ్‌సమ్ తినే బల్ల దగ్గర మన ముచ్చటే! మగాళ్ల వెంట తిరిగే ఆడవాళ్లకొచ్చే జబ్బుకి మందట. మనింట్లో ఎవరికొస్తుంది?”

“నాన్నా, నువ్వైనా చెప్పు.”

క్వోక్‌హంగ్ గిన్నెలోంచి తలెత్తలేదు. అతని తల్లికి గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ అని ఈమధ్యే పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. “ఇంట్లో ఆడపిల్లలుంటే ఇది రాకుండా వేసే ఇంజక్షన్ మాత్రం మానొద్దు,” అని కూడా చెప్పాడు. దుబాసీని పిలుస్తామంటే క్వోక్‌హంగ్ వద్దన్నాడు. డాక్టరు చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడిందంతా విని, తల్లి వైపు తిరిగి, “కడుపులో పుండటమ్మా, మందులతో తగ్గిపోతుంది,” అన్నాడు. పెద్దవాళ్లకు అలాంటి జబ్బుల పేరు చెప్పకూడదు. భార్యకూ అదే మాట చెప్పాడు. ఆమెకు తెలిస్తే ఆమె మొహమే చెప్పేస్తుంది.

“మీ అమ్మ చెప్పినట్టు విను,” అన్నాడు.

ఎవరి గిన్నెలో వాళ్లు తింటున్నారు. బల్ల చివర కూర్చున్న క్వోక్‌హంగ్ తల్లి చేప బుగ్గ మీది మాంసం తీసి మనవరాలి అన్నం మీద పెట్టింది.

“దీనికి ఆ ఇంజక్షన్ వేయిస్తున్నాం,” అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

“మీకు తెలీదత్తయ్యా, అది...”

“తెలుసమ్మా.” ఆమె కొడుకు వైపు తిరిగింది. “ఆసుపత్రిలో నువ్వు కారు తేవడానికి వెళ్లినప్పుడు నర్సు వచ్చి పక్కన కూర్చుందిరా. ఆ పిల్లది మన భాషే.”

క్వోక్‌హంగ్ అన్నం తినే పుల్లలు గిన్నె మీద పెట్టేశాడు.

ముసలామె కోడలి గిన్నెలోనూ ఒక చేప ముక్క వేసింది.

“మీ మామయ్యని తప్ప నేను ఇంకో మగాణ్ణి ఎరగను సౌఫన్. నాకొచ్చింది ఆ జబ్బే.”