ఈశాన్యం మూల ఊసరవెల్లి

"అది ఆ మూలనే ఉండాలి. ఇంకో మాట లేదు" అన్నాడు రజేరి.

కోడలు మియాలి కుండీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కుండీలో కాఫీ మొక్క, మొక్క మీద ఊసరవెల్లి. మొక్కకి జామ కొమ్మలు కట్టి, చుట్టూ పాత దోమతెర చుట్టి, పైన చిల్లు పెట్టిన రేకు డబ్బా వేలాడదీసింది. ఆకుల మీదకి చుక్క చుక్కగా జారితేనే అది నీళ్ళు తాగుతుంది. గిన్నెలో పోసి పెడితే కన్నెత్తి కూడా చూడదు. ఇవన్నీ మియాలి తనంతట తాను కనిపెట్టినవే. పుట్టి బుద్ధెరిగాక ఒక జీవాన్ని తనదంటూ పెంచుకోవడం ఆమెకి ఇదే మొదలు.

"ఈశాన్యం మూల చీకటి కదా మావయ్యా. కిటికీ దగ్గరైతే దానికి కాస్త ఎండ తగులుతుంది."

"కిటికీ కింద కోళ్ళు పడుకుంటాయి. మీ అత్తని తీసుకెళ్ళి కోళ్ళ పక్కన కూర్చోబెడతావా?"

మియాలి తెల్లబోయి మొగుడి వైపు చూసింది. రివో వేలు వంచి, ఆ వంచిన వేలితోనే ఊసరవెల్లిని చూపించాడు. వేలు చాచి చూపిస్తే పోయిన పెద్దలకి కోపం వస్తుంది.

"ఇది అమ్మంటావా నాన్నా? అమ్మ ఇంత నెమ్మదిగా నడవడం నేనైతే ఎప్పుడూ చూళ్ళేదు."

"పోయాక ఇంక తొందరేముంటుందిరా" అన్నాడు రజేరి.

మా అంబూసిత్ర కొండ ఊళ్ళలో ఇళ్ళన్నీ ఒకటే తీరు. గుమ్మం, కిటికీ పడమటికి. ఈశాన్యం మూల పోయిన పెద్దలది, దాన్ని ఆనుకుని ఇంటి పెద్ద మంచం. కోడలి చోటు దక్షిణాన, పొయ్యి దగ్గర. పండగకో పబ్బానికో పిలిస్తే తప్ప కోడలు ఆ మూలకి పోదు. అలాంటి చోటికి ఊసరవెల్లి దర్జాగా కాపురానికి వెళ్ళింది. పెద్దాయన మాటంటే మాటే మరి.

పొయ్యి పని అవగానే మియాలి డబ్బాలో నీళ్ళు నింపడానికి వెళ్ళేది. వరి మళ్ళలో పట్టిన మిడతల్ని కొమ్మకి అందేలా పెట్టేది. ఊసరవెల్లి ఒక కన్ను ఆమె మీద వేసి, రెండో కంటితో ఇంకెక్కడో చూసేది. ఒక అడుగు ముందుకి వేసి, వేసిన అడుగు నిజమేనా అన్నట్టు ఊగి, అప్పుడు రెండోది వేసేది. అది చూస్తుంటే మియాలికి తనూ ఊగుతున్నట్టు ఉండేది. గోడలు పలచబడి వాటి అవతల ఎక్కడో అలల చప్పుడు వినిపించేది.

"మా మానకార రేవులో ఈ వేళకి పడవలు వచ్చేస్తాయి" అని చెప్పేది దానికి. "మా అమ్మ ఇసకలో నిలబడి అరుస్తూ ఉంటుంది, ఆ పెద్ద చేప నాదీ అని. నువ్వు సముద్రం చూశావా? చూళ్ళేదులే. నీ రంగుల్లో నీలం ఉంది కానీ ఆ నీలం వేరు."

పక్కన మంచం మీద రజేరి గోడవైపు తిరిగి నిద్రపోతూ ఉండేవాడు. ఊసరవెల్లి చిటికెన వేలంత జీవం. అయినా ఆ ఇంట్లో తన మాట ఆసాంతం వినేది అదొక్కటే అని మియాలికి అనిపించేది.

మా కొండల్లో జూన్ అంటే చలికాలం, చలి దిగింది. ఊసరవెల్లి పచ్చదనం పోయి బొగ్గురంగుకి తిరిగింది. మిడత ముక్కు ముందుకి వచ్చినా నాలుక చాపలేదు. పట్టపగలు కళ్ళు మూసుకుని కొమ్మని పట్టుకుని ఉండిపోయింది.

"పగలు కళ్ళు మూసిందంటే ఇంక ఎన్నాళ్ళో ఉండదు" అన్నాడు రివో. "ఆశ వదులుకో."

మియాలికి ఏడుపొచ్చింది. మావగారు పొరుగింటికి వెళ్ళిన సమయం చూసి కుండీ ఎత్తి కిటికీలో పెట్టింది, కోళ్ళని బయటికి తోలేసింది. మధ్యాహ్నపు ఎండ వచ్చి కొమ్మల మీద పడింది. ఎండ వైపున్న పక్క ముందు పచ్చబడింది, తర్వాత రెండో పక్క. కళ్ళు తెరిచి, నాలుక విసిరి, మిడతని లాక్కుంది. మియాలి అక్కడే కూలబడి నవ్వుకుంది.

సాయంత్రం వచ్చిన రజేరి కుండీ ఎత్తుకెళ్ళి తిరిగి మూలన పెట్టేశాడు.

మర్నాటికి అది మళ్ళీ నల్లబడింది. ఈసారి కొమ్మ మీద పట్టు కూడా జారుతోంది. మియాలి కొంగు బిగించి తిన్నగా మూలకి వెళ్ళి కుండీ మీద చెయ్యి వేసింది.

"మావయ్యా, ఇది అత్తయ్య కాదు. ఉత్త అడవి జీవం. ఎండ లేకపోతే రేపటికి ఉండదు. మీరు కోప్పడినా సరే, నేను తీసుకెళ్తున్నాను."

పొయ్యి దగ్గర అన్నం తింటున్న రివో చేతిలో చెంచా ఆగిపోయింది. ఆ ఇంట్లో పెద్దాయనకి ఎదురు చెప్పిన వాళ్ళు లేరు. రజేరి మంచం మీద ఇటు తిరిగి కూర్చున్నాడు.

"తీసుకెళ్ళు" అన్నాడు.

"మరి అత్తయ్యకి కోపం రాదా?"

"మీ అత్త ఎక్కడిదమ్మా. అది మగది. ముక్కు మీద కొమ్ము కనబడటం లేదూ? తెచ్చిన రోజే చూశాను."

మియాలికి ఒళ్ళు మండింది. "తెలిసి తెలిసీ దాన్ని ఈ చీకట్లో ఎందుకు ఉంచారు?"

రజేరి దుప్పటి భుజాల మీదకి లాక్కున్నాడు.

"నీ సముద్రం కబుర్లు వినాలంటే, నిన్ను ఈ మూలకి రప్పించుకోవడానికి నాకింకో సాకు ఏముందమ్మా?"