మూడో ఆదివారం

ఆ పొద్దు ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. మబ్బు లేదు, గాలి లేదు. తొమ్మిదింటికే తెల్లాపూర్ రోడ్డు మీద తారు మెత్తబడింది.

క్లబ్ హౌసులో మాత్రం ఏసీ చల్లగా వీస్తోంది.

ఎన్నికలకు ఇంకా మూడు నెలలున్నాయి. పోయినసారి ఈ వార్డులో గెలిచినవాడికి వచ్చిన మెజారిటీ ఆరు వందలు. ఈ గేటెడ్ కమ్యూనిటీలో ఉన్న ఓట్లు ఎనిమిది వందలు. ఎవరు గెలవాలో ఈసారి మనమే తేలుద్దామని సెక్రటరీ ఉమాశ్రీ అందరినీ కూర్చోబెట్టింది.

గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం ఆమెది. మూడు పార్టీల హామీల పుస్తకాలూ అక్షరం వదలకుండా చదివి పట్టిక గీసింది. వాతావరణానికి ఒక వరస, సామాజిక న్యాయానికి ఒక వరస. ఎవరికి మార్కులెక్కువ వస్తే ఎనిమిది వందల ఓట్లూ గంపగుత్తగా వాళ్ళకే.

ఒక నియమం కూడా పెట్టింది. లెక్క తేలేదాకా ఏ పార్టీ మనిషీ గేటు దాటకూడదు.

పదకొండింటికి ఆమె ఫోను మోగింది. గేటు దగ్గర సెక్యూరిటీ శివశంకర్.

"మేడం, ఆ అమ్మ మళ్ళొచ్చింది."

"ఏ అమ్మ?"

"పోయిన రెండు ఆదివారాలు గూడ వచ్చింది గద మేడం. ఇంటింటికి తిరిగి పేర్లు రాసుకోవాల్నంట."

"ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదంటుంది."

"అందరూ అలాగే అంటారు. పంపించెయ్."

"మెడల కార్డు గూడ ఉన్నది మేడం."

"మెడలో కార్డు లేనివాళ్ళెవరయ్యా ఈ చుట్టుపక్కల?"

హాలంతా నవ్వింది. ముందు వరసలో కూర్చున్న విశ్వేశ్వరరావు గారు పక్కకు వంగారు.

"ఆడమనిషిని పంపితే జాలిపడతామని ఎత్తుగడండీ అది."

ఉమాశ్రీ మళ్ళీ తెర వైపు తిరిగింది. ఎండలో పనిచేసేవాళ్ళ గురించి ఎవరేం రాశారన్నది అక్కడ పడింది. ఒక పార్టీ మధ్యాహ్నం మూడు గంటల పాటు పని ఆపిస్తామంది. ఒక పార్టీ చలివేంద్రాలంది. ఇంకొకటి కూడలి కూడలికీ నీడ కట్టిస్తామంది.

"నీడ ఎంత దూరానికొకటో రాయలేదు మేడం," అన్నాడు రోహిత్. పట్టికలో మార్కులు ఎక్కించేది అతనే. "రెండు మార్కులు తీసెయ్యాలి."

"తీసెయ్. మాటలు చెబితే చాలదు."

ఫోను మళ్ళీ మోగింది.

"మేడం, పోతలేదు. ఎండకే నిలబడ్డది. మా గదిల ఫ్యాను కింద జర కూసోబెట్టనా?"

"కూర్చోబెడితే ఇక లేవరు శివశంకర్. రూలంటే రూలే. నీ ఉద్యోగం కూడా చూసుకో."



"మంచినీళ్ళన్న ఇయ్యనా?"

"గేటు అవతలే ఇవ్వు."

సామాజిక న్యాయం మొదలైంది. అర మార్కు దగ్గర రెండు బ్లాకులవాళ్ళు గట్టిగానే వాదించుకున్నారు. ఒంటిగంట కావస్తుండగా మూడోసారి ఫోను.

"మేడం, పడిపోయింది."

"గేటు లోపలా, బయటా?"

"బయటనే."

"నూటెనిమిదికి చెయ్. మనవాళ్ళెవరూ ముట్టుకోలేదని కెమెరాలో పడింది కదా?"

"ఎవ్వరు ముట్టలే మేడం."

"సరే."

ఆ రోజు అర మార్కు తేడాతో ఒక పార్టీ గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వానలు పడ్డాక పోలింగ్ వచ్చింది. కమ్యూనిటీ అంతా పొద్దున్నే సర్కారు బడి ముందు వరస కట్టింది. లోపల అధికారి జాబితా ముందుకూ వెనక్కూ తిప్పాడు.

"మీ పేరు లేదు మేడం."

విశ్వేశ్వరరావు గారి పేరూ లేదు. రోహిత్‌దీ లేదు. ఎనిమిది వందల్లో ఒక్కటీ లేదు.

"ఓటర్ల లిస్టు సరిచూసే మనిషి మూడుసార్లు పోయినా లోపలికి రానియ్యలేదని రాసి ఉంది మేడం. తీసేసే పేర్లు ఆఫీసు గోడకు గూడ అంటించినం."

ఆ గోడ ఎటు వైపుందో కూడా వాళ్ళలో ఎవరికీ తెలియదు.

"అబద్ధం," అంది ఉమాశ్రీ. "మా గుమ్మం తొక్కినవాళ్ళు లేరు."

ఓట్లేసి వచ్చాక అందరూ కలిసి తినాలని క్లబ్ హౌసులో భోజనాలు చెప్పి ఉంచారు. వడ్డన అయిపోయింది. విశ్వేశ్వరరావు గారు ఎన్నికల ఆఫీసుకు ఫోను కలిపి, అందరికీ వినబడేలా టేబుల్ మీద పెట్టారు.

"రాకుండానే వచ్చినట్టు రాసిన ఆ మనిషిని సస్పెండ్ చెయ్యాలి," అంది ఉమాశ్రీ. "పేరు చెప్పండి. ఇప్పుడే రాసిస్తాను."

అవతల గుమాస్తా నెమ్మదిగా మాట్లాడాడు.

"పుణ్యవతి, మేడం. పాత ఊళ్ళె అంగన్‌వాడీ టీచర్. మీ దిక్కు ఓటర్ల లిస్టు పని ఆమెకే వేసినం. ఆమె మీద ఏం రాస్తరు? మూడోసారి మీ గేటు కాడనే ఎండదెబ్బ తాకింది. ఆ సాయంత్రమే దవాఖానల పానం పోయింది."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"ఇంకో మాట మేడం. మీ పేర్లు తీసెయ్యమని ఆమె రాయలే. మూడోసారి వచ్చే ముందురోజు మాకొక అర్జీ ఇచ్చింది. రేపు గూడ రానియ్యకపోతే ఇంకొక్క ఆదివారం గడువియ్యున్రి, ఎనిమిది వందల మంది ఓట్లు పోతయి, నేనే మళ్ళ పోత అని. గడువు ఇచ్చినం. ఆమె జాగాల మీ గేటు కాడికి పోనీకె ఎవ్వరు ఒప్పుకోలే."

ఫోను ఆగిపోయింది.

పప్పు చల్లారుతోంది. ముందు ఎవరో ఒకరు కలుపుకున్నారు. తర్వాత ఒకరి వెంట ఒకరు తలలు వంచుకుని తినసాగారు.

ఉమాశ్రీ పెరుగు గిన్నె వైపు వేలు చూపించింది. రోహిత్ అందించాడు.